గడి కింద అలికిన నేల

కిష్టవ్వ నోటికి జడవనివాళ్ళు మా ఊళ్ళో లేరు. కూలికి పిలిచేవాళ్ళు ముందే ఓ దండం పెట్టి మరీ పిలుస్తారు. అరవై దాటినా ఆమె గడ్డపార పట్టిందంటే మగవాళ్ళు పక్కకు తప్పుకోవాల్సిందే.

ఆమెకు ఒకటే పట్టుదల. కోటలాంటి దొరల గడి ఉన్నచోట ఒకప్పుడు తమ ఇల్లుండేదని, దాన్ని కూలగొట్టి గడి కట్టారని వాళ్ళవ్వ చెప్పిందట. "మా తాత ఉత్త బీడుల కట్టిండు" అని శ్యాంసుందర్‌రావు దొర కొట్టిపారేసేవాడు. ఊరు ఆయన మాటే నమ్మింది. నిజం చెప్పొద్దూ, కిష్టవ్వను చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మొన్న వేసవిలో ఫంక్షన్ హాలు కోసం గడి వాకిట్లో పునాది తవ్వుతుంటే పాత పెంకులు బయటపడ్డాయి. తవ్వకాల ఆఫీసరు రచన మేడం వచ్చింది. గడువు మూడు రోజులు. ఏమీ దొరక్కపోతే గుంత పూడ్చి హాలు కట్టుకోవచ్చు. కిష్టవ్వ పిలవకుండానే కూలికి చేరింది.

మూడో రోజు సాయంత్రమైంది. గుంత అంచున జేసీబీ ఇంజను మోగుతోంది. దొర గడియారం చూస్తున్నాడు. మేం ఊరివాళ్ళం గుంత చుట్టూ మూగాం. నడుంలోతు గుంతలో కిష్టవ్వ రెండు పోట్లు పొడిచి, మూడోదానికి గడ్డపార ఎత్తి అలాగే ఆగిపోయింది. దాన్ని పక్కన పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని, తెగిన మట్టిని వేలితో తడిమింది.

"మేడం, జేసీబీ బందు పెట్టియ్యుండ్రి. గిది ఉత్త మన్ను గాదు. అలికిన నేల."

"నీకెట్ల ఎరుకనే?" అన్నాడు దొర. "పొద్దుగూకుతుంది, జర జల్ది కానియ్యుండ్రి."

"ఏడేండ్ల పిల్లప్పటి సంది ఇండ్లు అలుకుతున్న దొరా. పండుగ పండుగకు అలికిన్రు. గీ అంచుకు ఎర్రజాజు పూత సూడు." ఆమె గడ్డపార గుర్తుల మీద అరచెయ్యి ఆనించింది. "అయ్యో, నా చేతులతోనే రెండు పోట్లు పొడిస్తిని గదా!"

రచన మేడం గుంతలోకి దిగి కుంచెతో ఊడ్చింది. ఉల్లిపొరల్లా పలచటి పొరలు, ఒకదాని కింద ఒకటి. ఇరవై దాకా లెక్కపెట్టి, ఇంజను ఆపమని చెయ్యి ఊపింది.

"గడి కంటే ముందు ఇక్కడ ఇల్లుంది" అంది.

నాకు సిగ్గేసింది. దొర మొహం మాడిపోయింది. "ఏదీ, నన్ను సూడనియ్యి" అంటూ గుంతలోకి కాలు పెట్టబోయాడు.

కిష్టవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పులిడిసి దిగు దొరా. మా ఇల్లిది."

ఆ వాకిట్లో మా తాతలెవరూ చెప్పులతో నడిచి ఎరగరు. దొర మేడం వైపు చూశాడు, మా వైపు చూశాడు. వంగి చెప్పులు విప్పాడు.