అడ్డగీత కింది వాక్యం

ఇవాళ ఊదుపాత్ర పెట్టె తెరిచాను. చుట్టిన తెల్ల కాగితం విప్పగానే పాత ఊదు వాసన వచ్చింది. ఆ వాసనతో పాటే నూర్జహాన్ అక్క గుర్తొచ్చింది.

ఆమెది రాయచోటి. కువైట్‌లో, రుమైథియాలోని ఈ ఇంటికి పనిమనిషిగా వచ్చి, మేము మామా అని పిలిచే ఇంటి యజమానురాలు సేకరించిన పాత వస్తువులన్నిటినీ చూసుకునే మనిషి అయింది. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ల బుట్టలు, ఇత్తడి కాఫీ కూజాలు, ఎడారి స్త్రీల వెండి నగలు మూడు గదుల నిండా ఉండేవి. వాటికి కేటలాగు రాయడానికి కడప నుంచి వచ్చిన నన్ను పెట్టుకున్నారు. నేను డిగ్రీ చదివినదాన్ని. అక్క బడి ముఖం చూడలేదు. అయినా బీరువా తాళాలు ఆమె నడుముకే వేలాడేవి. మామాకు ఏది కావాలన్నా "నూర్!" అనే కేక. ఎవరితోనూ చెప్పుకోవడానికి నోరు పెగలని నేను, ఆ కేక విన్న ప్రతిరోజూ డైరీలో ఒక పేజీ నింపేదాన్ని. నాకు కావలసింది ఆ తాళాలే.

పని నేర్పింది మాత్రం అక్కే. మొదటిరోజు కూజాను పిడి పట్టుకొని ఎత్తితే చేతిమీద చిన్నగా కొట్టింది.

"పిడి పట్టుకోగాకు మే, ముసలిది, ఊడొస్తాది. అడుగున చెయ్యేసి బిడ్డను ఎత్తినట్టు ఎత్తల్ల."

మసి తోమబోతే గుడ్డ లాక్కుంది. "ఎవురికో కాఫీ కాచిన మసి అది. తోమేస్తే దాంట్లో ఇంకేముంటాది, అంగట్లో కూజా అయిపోతాది."

నేను పుస్తకాల్లో వెతుక్కున్నది ఆమె చేతులకు ముందే తెలుసు. అది చూస్తే మెచ్చుకోలు కాదు, కడుపుమంట పుట్టేది.

ఒకరోజు ఊదుపాత్ర అడుగున గీత కనిపించింది. ఆ ఉదయం దాన్ని తుడిచింది అక్క. రిజిస్టరులో ఇంగ్లిషులో రాశాను: "కొత్త గీత. తుడిచేటప్పుడు నూర్జహాన్ వల్ల ఏర్పడింది." నేను చూసి రాసింది కాదది. అలా అయితే బాగుండునని రాసింది.

సాయంత్రం మామా అది చదివి, తాళాల కోసం అక్కవైపు చెయ్యి చాపింది. అక్క తాళాలు విప్పి బల్లమీద పెట్టి, పాత్రను లైటు కిందకు తిప్పింది.

"సూడు మే. గీతలో మసి గట్టిపడింది. కొత్తదైతే మెరుస్తాది."

మామా కూడా వంగి చూసింది. తాళాలను మళ్లీ అక్కవైపే తోసింది. నేను రాసింది చెరిపేయడానికి తెల్ల ఇంకు సీసా తీశాను. అక్క ఆపింది.

"పూయగాకు. ఈడ అట్ల చెయ్యరు. అడ్డంగా ఒక్క గీత కొట్టు, కింద రాసింది కనపడాల. పక్కన నీ పేరు పెట్టు."

"నీకు చదవడం రాదు కదక్కా..."

"రాదు. నా పేరు ఎట్టుంటాదో మామా ఎప్పుడో నేర్పింది మే."

అంతే. అక్క మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నిరుడు ఊరికి వెళ్లిపోతూ తాళాలు తన చేత్తోనే నా నడుముకు కట్టింది.

మామా ఏదైనా వెతుక్కుంటూ ఇప్పటికీ "నూర్!" అనే కేకేస్తుంది. నేనే వెళతాను. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

ఇవాళ ఊదుపాత్రను అడుగున చెయ్యేసి ఎత్తాను. లైటు కింద తిప్పి చూశాను. రిజిస్టరు తెరిచి, అడ్డగీత కింద ఇంకా చక్కగా కనపడుతున్న నా అబద్ధాన్ని ఒకసారి చదివి, దాని దిగువన ఇవాళ్టి స్థితి రాశాను: "పాత గీత. మార్పు లేదు."