పొడుగు బొచ్చు రోలర్

మా హాల్లో సీలింగ్ చూసి ఎవరైనా "భలే నీటుగా వచ్చిందండీ" అంటే నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది.

రెండు వేలు దాటిన తొలి ఏళ్ళు. విశాఖ ఉక్కునగరం క్వార్టర్లో ఉంటూ దువ్వాడ దగ్గర సొంతిల్లు కట్టుకుంటున్నాం. మావారు షిఫ్టుల మనిషి. ఇసుక లారీ దగ్గర్నుంచి తలుపు గడియల దాకా చూసుకున్నది నేనే. దాంతో నాకు తెలియనిది లేదన్న పొగరు నెత్తికెక్కింది. నన్ను చూడగానే పనివాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. అది గౌరవమనుకున్నాను.

రంగులు వేయడానికి వన్‌టౌన్ నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. సాయిబు గారని పిలిచేవాళ్ళం. మా లైన్లో ఇళ్ళన్నీ ఒకేసారి లేస్తున్నాయి. "మీ ఇల్లు బాగా వచ్చిందంటే లైనంతా నన్నే పిలుత్తారమ్మా. ఈ వయసులో పని కోసం ఊరంతా తిరగలేకపోతన్నాను" అన్నాడు మొదటి రోజే.

ప్లాస్టరింగ్ ఆరాక రోలర్ కొనడానికి ఇద్దరం గాజువాక వెళ్ళాం. ఆయన పొడుగు బొచ్చు రోలర్ ఒకటి తీసి చూపించాడు. గోడలకి లప్పం పెట్టించి నున్నగా చేయించాం గానీ సీలింగ్‌కి పెట్టించలేదు. అది ఇసుక గరుకుతోనే ఉంది.

"సీలింగ్‌కి ఇదే కావాలమ్మా. ఆ గుంటల్లోకి రంగు దిగాల. గోడలకైతే పొట్టి బొచ్చుది సాలు."

నా కన్ను స్పాంజి రోలర్ మీద పడింది. నాజూగ్గా, ముచ్చటగా ఉంది. పొడుగు బొచ్చుది చూస్తే డబ్బాడు రంగు అదే తాగేసేలా ఉంది.

"అన్నిటికీ ఇదొక్కటి చాలు" అన్నాను.

"నాను సెప్తన్నాను కదమ్మా, స్పాంజితో సీలింగ్ సుక్కలు సుక్కలుగా ఉండిపోతాది."

"ఎక్కువ డబ్బాలు కొనిపిస్తే మీకు షాపువాళ్ళు ఏం ముట్టజెప్తారో నాకు తెలీదా?"

షాపువాడి ముందే అనేశాను. ఛీ, నా నోరు పడిపోను! పొడుగు బొచ్చు రోలర్‌ని ఆయన మళ్ళీ దాని చోట పెట్టేశాడు. ఇల్లంతా స్పాంజితోనే రంగు వేయించాను.

గృహప్రవేశం నాడు మేస్త్రికీ, వడ్రంగికీ, పెయింటర్‌కీ బట్టలు పెట్టి, ఇల్లు వీళ్ళ చేతి పనేనని నలుగురికీ చూపిస్తాం. తర్వాతి పనులు అక్కడే కుదురుతాయి. సాయిబు గారు ఉతికిన చొక్కా వేసుకుని పొద్దున్నే వచ్చాడు. బట్టలు అందుకుని పక్కన నిలబడ్డాడు. అంతలో ఎవరో హాల్లో కొత్త ట్యూబులైట్లు వేశారు.

"అదేంటి వదినా, సీలింగంతా బూడిద చుక్కలు? ఎవరు వేశారు?" అంది పక్క స్థలం ఆవిడ. వాళ్ళిల్లు కూడా రంగుల దాకా వచ్చింది.

అందరూ తలలు పైకెత్తారు. నాకు పరువు పోయినట్టయింది.

"దగ్గరుండి చూసుకోకపోతే వీళ్ళ పనులు ఇంతే" అన్నాను.

ఆయన అక్కడే ఉన్నాడు, బట్టల సంచి రెండు చేతుల్తో పట్టుకుని. ఒక్క మాట చెబితే నా బండారం బయటపడేది. "రేపొచ్చి సరిసేత్తానమ్మా" అన్నాడంతే.

అన్నట్టే వచ్చాడు. తన పాత పొడుగు బొచ్చు రోలర్ ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. ఎప్పుడూ అడిగి తాగేవాడు, ఆ రోజు టీ ఇస్తే వద్దన్నాడు. సాయంత్రానికి సీలింగ్ మీద చుక్కన్నది లేదు. రోలర్ కడుక్కుని గేటు దాటుతుంటే వెనకే వెళ్ళాను, తప్పు నాదని చెబుదామనే.

"సాయిబు గారూ!"

ఆగాడు. నా మొహంలోకి చూశాడు.

"బకెట్ మర్చిపోయారు" అన్నాను.

వారం తర్వాత పక్క స్థలం ఆవిడ వచ్చి, "అబ్బ, ఎంత మారిపోయింది వదినా! పెయింటర్‌ని మార్చేశారా?" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ మెచ్చుకోలు వదులుకోలేకపోయాను.

"రోలర్ మార్పించాను. గరుకు సీలింగ్‌కి పొడుగు బొచ్చుది ఉండాలి" అన్నాను, నాకు పుట్టుకతో తెలిసినట్టు.

వాళ్ళింటికి వేరే పెయింటర్ వచ్చాడు. లైన్లో మిగతా ఇళ్ళకీ అతన్నే పిలిచారు. ప్రతి ఇంటి వాళ్ళూ ముందు నా దగ్గరికొచ్చి, ఏ రోలర్ కొనాలో అడిగి వెళ్ళేవాళ్ళు. నేను చెప్పేదాన్ని.