ప్రశ్న రాయని నోటుపుస్తకం

మొన్న ఆదివారం కాశీబుగ్గలో మా తమ్ముడింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, వాడి కూతురు జీడిపప్పు కూర కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని, "పెదనాన్నా, అమ్మ ఈయాల అరాచకంగా వండీసింది" అంది. ఈ కాలం పిల్లలకు అది మెచ్చుకోలట. నేనూ తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం, ఎందుకంటే పాతికేళ్ల కిందట ఆ మాటే మా ఇంట్లో ఒక పూట పొయ్యి వెలగకుండా చేసింది.

అప్పుడు నేను టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారిని. తమ్ముడు డిగ్రీ ఆఖరి ఏడు, రాజనీతిశాస్త్రం. వాడు అన్నీ బట్టీ పడుతున్నాడని నాకు ఒకటే చిరాకు. అందుకని నా బడిపిల్లలకు పెట్టిన పద్ధతే వాడికీ పెట్టాను: నోటుపుస్తకంలో ప్రశ్న రాయకూడదు, జవాబు మాత్రమే సొంత మాటల్లో రాయాలి, వారం పోయాక అది చదివి ప్రశ్న ఏమిటో చెప్పాలి. గొప్ప పద్ధతి కనిపెట్టానని కాస్త గర్వం కూడా ఉండేది.

పరీక్షలకు ఇంకా నాలుగు రోజులుందనగా, వాడు పలాస బస్సులో వస్తుంటే పోలీసులు ఆపి సంచులు వెతికారు. ఆ రోజుల్లో మా ఉద్దానం ఊళ్లలో నక్సలైట్ల కోసం అలా వెతకడం మామూలే, మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు మాత్రం నోటుపుస్తకం తెరిచారు. మనిషి మీద మనిషికి అధికారం ఉండకూడదనీ, ప్రభుత్వమూ పోలీసులూ కోర్టులూ అక్కర్లేదనీ రెండు పేజీలు, పైన ప్రశ్న లేదు, అంతా వాడి దస్తూరీయే. వాణ్ణి స్టేషన్‌కు తీసుకెళ్లారని బస్సు దిగినవాళ్లు చెబితే, పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్న నాన్న ఉన్నపళాన లేచారు. అమ్మ నన్నే నిలదీసింది. "ఆడి సేత ఏటి రాయించినావురా?" అంది. నేను చొక్కా తగిలించుకుని నాన్న వెనకే స్టేషన్‌కు పరిగెత్తాను.

స్టేషన్లో ఎస్సై గారికి నా పద్ధతి వివరిస్తుంటే నాకే అబద్ధంలా వినిపించింది. ప్రశ్న రాయించని మాస్టారు ఎక్కడైనా ఉంటాడా అన్నారాయన. తమ్ముడికి పరీక్ష పోతుందేమో, ఆ తర్వాత బతుకే పోతుందేమో అని భయం పట్టుకుంది. అంతలో మూల బల్ల దగ్గరున్న నడివయసు కానిస్టేబుల్ పుస్తకం అడిగి తీసుకుని, సగం పేజీ చదివి, "ఇది అరాచకవాదం ప్రశ్న సార్, పెద్ద ప్రశ్న. నాను ప్రైవేటుగా డిగ్రీ కట్టినాను కదా, పోయినేడు ఇదే రాసి తప్పీసినాను" అన్నాడు.

అయితే అదేమిటో చెప్పమన్నారు ఎస్సై గారు తమ్ముడితో. వాడు, అరాచకమంటే అల్లరి కాదనీ, ఏలేవాడు లేకపోవడమనీ, భావనపాడు ఒడ్డున పెద్దవలను అందరూ కలిసి లాగి పంచుకున్నట్టు దేశమంతా నడవగలదని నమ్మేవాళ్ల వాదమనీ చెప్పాడు. తాను మాత్రం నమ్మడం లేదని చివర్లో గబగబా కలిపాడు. ఆయన నవ్వి పంపేశారు. నాన్న బయట టీకొట్టు బల్ల మీద కూలబడి, మూడు టీలు చెప్పి, తాగకుండానే కళ్లు తుడుచుకున్నారు.

ఆ కానిస్టేబుల్ ఆ రెండు పేజీలు రాసుకోవడానికి తర్వాత మా ఇంటికే వచ్చాడు. ఆ ఏడు ఇద్దరూ గట్టెక్కారు. నేను మాత్రం మళ్లీ ఎవరిచేతా ప్రశ్న లేకుండా జవాబు రాయించలేదు.

ఇప్పుడు నాన్న లేరు, ఆ సోదాలూ లేవు, ఆ మాటకు అసలు అర్థమేమిటని అడిగేవాళ్లూ లేరు. మాట ఇంత తేలికైపోయిందని తెలుగు మాస్టారిగా నొచ్చుకోవాలి నేను. కానీ నోట్లో ముద్ద పెట్టుకుని ఏ భయమూ లేకుండా ఆ మాట అనేసిన పిల్లను చూస్తుంటే నాకు ప్రాణం కుదుటపడింది. తమ్ముడు ఇంకో గరిటె కూర దాని కంచంలో వేశాడు.