రోమన్ జూరెక్ కోటు అంచు

రోమన్ జూరెక్‌కి బుద్ధి లేదని ఆర్చర్ అవెన్యూలో ఇప్పుడు అందరూ అంటారు. ఫ్యూచర్స్ బేరం అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా బస్టాపులో నిలబడి అంటారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పదహారేళ్ళు ఆ మనిషి వెనక మెట్టు మీద నిలబడ్డదాన్ని నేను. అతని సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మా షికాగోలో ఆ బేరాలు జరిగే చోటుని పిట్ అనేవాళ్ళం. చుట్టూ మెట్లున్న పెద్ద గొయ్యి. అందులో రంగురంగుల కోట్లు వేసుకుని వందలమంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరిచేవాళ్ళు. ఐదువందల పెద్ద కంపెనీల ధరలు కలిపి కట్టిన సూచీ మీద బేరం. సరుకు లేదు, బస్తా లేదు, లాట్ల లెక్కన కొనే, అమ్మే అంకె మాత్రమే. పెరుగుతుందనుకుంటే కొనాలి. పడుతుందనుకుంటే ముందే అమ్మేసి, పడ్డాక కొనుక్కోవాలి.

ఆ గోతిలో రెండు రకాల మనుషులుండేవాళ్ళు. వాలుకు పోయేవాళ్ళు మొదటి రకం. సూచీ పరుగెడుతుంటే దాని వెంట పరుగెత్తి, అది ఆగాకే దిగుతారు. పదిసార్లలో ఆరుసార్లు కొంచెం కొంచెం పోగొట్టుకుంటారు, ఒక్క పెద్ద పరుగులో అంతా రాబట్టుకుంటారు. ఎదురీదేవాళ్ళు రెండో రకం. పరుగు ఎక్కడ ఆగి వెనక్కి తిరుగుతుందో పసిగట్టి అక్కడ అడ్డం నిలబడతారు. రోమన్ రెండో రకం. మొదటి రకాన్ని గొర్రెలు అనేవాడు, వాళ్ళ మొహం మీదే.

అతని విద్యంతా చెవుల్లో ఉంది. అందరూ ఎగబడి కొంటున్నప్పుడు కళ్ళు మూసుకుని వినేవాడు. అరిచి అరిచి గొంతులు బొంగురుపోతాయి. ఆ బొంగురు వినగానే “అలిసిపోయారు బెర్నీ” అని నాతో అని అరచేయి బయటికి తిప్పేవాడు. అమ్ముతున్నానని దానర్థం. రెండు నిమిషాల్లో సూచీ తల వంచేది.

తప్పిన రోజులూ ఉండేవి. అందుకే నేనున్నాను. ఆ హోరులో మాట వినబడదు కాబట్టి, నష్టం హద్దు దగ్గరికొస్తే వెనకనించి అతని కోటు అంచు ఒకసారి లాగేదాన్ని. జాగ్రత్త అని. హద్దు తాకితే రెండోసారి లాగేదాన్ని. ఇంక బయటపడాల్సిందే. ప్రశ్న లేదు, వెనక్కి తిరిగి చూడటం లేదు. పదహారేళ్ళలో నా రెండో లాగుడుకి అతను ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

తర్వాత పిట్ మూసేశారు. బేరం కంప్యూటర్ తెర మీదికి పోయింది. అప్పుడే అతని భార్య వాండాకి ఇంకో చిక్కొచ్చి పడింది. ఇరవై రెండేళ్ళుగా తను బేకరీ నడుపుతున్న అద్దె కొట్టుని యజమాని అమ్మకానికి పెట్టాడు. ఈస్టర్ లోపల ఎనభై ఐదు వేల డాలర్లు ముందు కడితే నీదే, లేకపోతే ఖాళీ చెయ్యి అన్నాడు. వాండా దగ్గర అరవై వేలున్నాయి. వాటిని బేరంలో పెట్టి తక్కినవి తెస్తానన్నాడు రోమన్.

వాండా నన్ను పిలిపించింది. రోమన్ ఎదురుగానే అడిగింది.

“ఈయన మీద నాకు నమ్మకం లేదు. నువ్వు పక్కన కూర్చుంటావా?”

“కూర్చుంటాను.”

“లాగుతావా?”

“అదే కదా వాండా నా పని.”

అప్పుడు అరవై వేల చెక్కు అతని చేతిలో పెట్టింది. “ఇది పోగొట్టావో, ఆ బల్ల మీద పిండికి బదులు నిన్ను పిసుకుతా.”

నేను చెప్పాను అతనికి. “ఇక్కడ నీకు అరుపులు లేవు, మొహాలు లేవు. తెర ముందు నువ్వు కొత్తవాడివి. కొత్తవాడిలాగే మొదలుపెట్టు. ఒక్క లాటు తీసుకో, వాలుకు పో, తప్పితే దిగిపో.”

“ఈ వయసులో గొర్రెని చేస్తావా తల్లీ నన్ను?”

“గొర్రె సాయంత్రానికి కొట్టం చేరుతుంది రోమన్.”

నవ్వేశాడు. బేకరీ పొయ్యిల వెనక గదిలో తెర పెట్టుకున్నాం. ఆ వేడిలో కూడా పాత పచ్చకోటు వేసుకునే కూర్చునేవాడు, నేను లాగాలి కదా అని. ఆరు వారాల్లో నాలుగు రోజులు రెండోసారి లాగాను. నాలుగుసార్లూ మారుమాట లేకుండా బయటపడ్డాడు. పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు. ఈస్టర్ మాత్రం దగ్గరపడుతోంది.

పోంచ్కీల మంగళవారం వచ్చింది. మర్నాటి నించీ ఉపవాసాలు కాబట్టి ఆ ఒక్కరోజూ మా పోలిష్‌వాళ్ళందరికీ జామ్ కూరి నూనెలో వేయించిన పోంచ్కీ బూరెలు కావాలి. తెల్లవారకముందే జనం వీధి మలుపు దాకా నిలబడ్డారు. వాండా మోచేతుల దాకా పంచదార పొడితో అరక్షణం తీరిక లేకుండా ఉంది.

సూచీ పొద్దుటినించీ ఎక్కుతూనే ఉంది. రోమన్ ఐదు లాట్లు అమ్మాడు. అది ఇంకా ఎక్కింది. ఇంకో ఐదు అమ్మాడు. నష్టపోతున్న బేరాన్ని ఇంకా పెంచడం కొత్తవాళ్ళు అసలు చెయ్యకూడదని ఒకప్పుడు నాకు నేర్పింది అతనే. నేను కోటు అంచు ఒకసారి లాగాను.

“ఉండు,” అన్నాడు కళ్ళు మూసుకుని. “విను.”

విన్నాను. గోడ అవతల జనం. ఐదింటినించీ నిలబడ్డవాళ్ళు, ప్లమ్ జామ్‌వి డజను, గులాబీ జామ్‌వి డజను అని అరిచి అరిచి గొంతులు బొంగురుపోయాయి.

“అలిసిపోయారు బెర్నీ.”

పోంచ్కీల కోసం వచ్చినవాళ్ళు వాళ్ళు. తెర మీద కొంటున్నవి మిషన్లు, వాటికి గొంతు లేదు, బొంగురుపోదు. అది నాకు తెలియదా? తెలుసు. అంకె హద్దు తాకడం కళ్ళారా చూశాను. కోటు అంచు నా వేళ్ళ మధ్యే ఉంది. అయినా ఆ బొంగురు చెవిన పడేసరికి, ఏళ్ళ తరబడి నాకు అన్నం పెట్టినవి రోమన్ చెవులే కదా, ఇప్పుడు తిరుగుతుంది చూడు అనుకున్నాను. నాకూ ఆశ పుట్టింది. లాగలేదు.

మధ్యాహ్నానికి, ఆ నష్టానికి ఖాతాలో డబ్బు చాలక, బ్రోకర్ కంపెనీ తనంతట తనే అతని బేరాలన్నీ మూసేసింది. నాలుగు వేలు మిగిలాయి. గోడ అవతల వాండా ఆఖరి పెట్టె కట్టి, “ఇంక లేవమ్మా, అయిపోయాయి,” అని చెబుతోంది.

మర్నాడు బూడిద బుధవారం. ఆ రోజు సూచీ పొద్దుటినించి సాయంత్రం దాకా పడింది, అతను చెప్పినట్టే. ఒక్కరోజు తేడా. ఆ పనిలో ఒక్కరోజు ముందు సరి కావడం అంటే తప్పు కావడమే.

వాండా చర్చినించి నుదుట బూడిదతో తిన్నగా ఆ గదిలోకొచ్చింది. అతను అప్పటికే చెప్పేసినట్టున్నాడు. కేకలు వెయ్యలేదు. ఏడవలేదు. నా వైపు తిరిగింది.

“లాగావా?”

“లాగాను.”

“రెండుసార్లూ?”

 రోమన్ తెర మీదినించి కళ్ళు తిప్పకుండానే జవాబిచ్చాడు.

“రెండుసార్లూ లాగింది. నేనే వినలేదు.”

వాండా అతన్ని చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. పోగొట్టినందుకు క్షమించేదేమో. ఇచ్చిన మాట తప్పినందుకు మాత్రం క్షమించలేదు. ఈస్టర్‌కి ముందే అతని బట్టలు సంచిలో సర్ది గుమ్మంలో పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. రోమన్ పక్క ఊరు సిసెరోలో చెల్లెలి ఇంటి నేలమాళిగలో ఉంటూ, హోల్‌సేల్ మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు దింపుతున్నాడు. నాకు ఎదురైతే తల ఊపుతాడు, అంతే. రెండుసార్లూ లాగిందన్న ఆ మాట నా కోసమన్నాడో, మోసపోయిన తన చెవుల సిగ్గు దాచుకోవడానికన్నాడో నేను అడగలేదు.

వాండా వేరేవాళ్ళ బేకరీలో కౌంటర్ దగ్గర నిలబడుతోంది. ప్రతి శనివారం నా కోసం ఒక రై రొట్టె పక్కన పెడుతుంది. డబ్బిస్తే తీసుకోదు.

“నీ మాట విని ఉంటే ఈ గతి పట్టేదా బెర్నీ,” అంటుంది కాగితంలో చుడుతూ.

నేను రొట్టె తీసుకుని ఇంటికొస్తాను. ముక్కలు కోసి, వెన్న రాసుకుని, తింటాను కూడా.