కనుమ దారిలో వెర్నా

మా ఒకానగన్ లోయలో కంచరగాడిదల చేత కొండకు సామాన్లు మోయించి బతికేది వెర్నా లిండ్‌క్విస్ట్. అడవి బాటలు బాగుచేసే కూలీలకు తిండి, రంపాలు, గుడారాలు చేరవేసేది. మొగుడు పోయాక మానేస్తుందనుకున్నాం. మానకపోగా, ఊపిరితిత్తులు చెడి ఆక్సిజన్ సిలిండరు మీద బతుకుతున్న తమ్ముడు ఎల్డన్‌ను కూడా తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. నేను వాళ్ల పొరుగువాణ్ణి. చెప్పబోయేది కొంత చూసింది, కొంత వాళ్ల నోట విన్నది.

ఆమె పాత పికప్ ట్రక్కుకు ఆ వసంతంలో ఒక జబ్బు పట్టుకుంది. పరుగెడుతున్నంతసేపూ ఇంజనాయిలు ఒత్తిడి చూపే ముల్లు నిలకడగా ఉండేది. ఇంజను వేడెక్కాక బండి ఎక్కడైనా ఆగితే చాలు, మెల్లగా అడుగుకు జారేది. చిక్కటి ఆయిలు పోస్తే కొన్నాళ్లు తగ్గి, మళ్లీ మొదలైంది.

"బేరింగులు అరిగిపోయాయే అక్కా. ఇంజను విప్పించు," అన్నాడు ఎల్డన్.

"ముల్లే తప్పు చూపిస్తోందేమో! బండి షెడ్డులో పడేస్తే కొండ మీద వాళ్లకి తిండి నువ్వు మోస్తావా?"

"నా ఊపిరే నేను మొయ్యలేక చస్తుంటే!" అని నవ్వబోయి దగ్గాడు.

ఆగస్టులో కార్చిచ్చు శిఖరం దాటి మా వైపు దిగింది. అందరూ ఖాళీ చెయ్యాలని పోలీసులు వచ్చి చెప్పి వెళ్లారు. వెర్నా కంచరగాడిదలను ట్రక్కు వెనక తగిలించిన ట్రెయిలరులోకి ఎక్కించి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరింది. మాకు కనుమ దారి ఒక్కటే. కింద వంతెన దగ్గర గడ్డి లారీ ఒకటి అడ్డం తిరగడంతో బళ్లన్నీ బారులు తీరి నిలిచిపోయాయి.

ట్రక్కు ఆగింది. ముల్లు జారడం మొదలైంది.

వెర్నా గేరు తీసి, హ్యాండ్ బ్రేకు లాగి, యాక్సిలరేటరు తొక్కిపట్టింది. ముల్లు కాస్త లేచింది. ఆమె కళ్లు దాని మీదే ఉన్నాయి. బయట బూడిద మంచులా రాలుతోంది. వెనక జంతువులు గిట్టలతో ట్రెయిలరు గోడల్ని తంతున్నాయి. కొంతసేపటికి తొక్కినా ముల్లు లేవలేదు. ఇంజను లోపల ఎవరో సుత్తితో తట్టినట్టు టక్ టక్‌మని చప్పుడు వినిపించింది. ముల్లు అబద్ధం చెప్పడం లేదని అప్పుడు తెలిసింది ఆమెకు.

తాళంచెవి తిప్పి ఇంజను ఆపేసింది.

"ఆపేశావేంటే! మళ్లీ స్టార్టవ్వకపోతే?" అని ఎల్డన్ కంగారు పడ్డాడు.

"తిరుగుతూ ఉంటే ఖాయంగా పోతుందిరా. ఆపితే దక్కొచ్చు."

ముందు బండి కదిలినప్పుడల్లా ఊపిరి బిగబట్టి స్టార్టు చేసింది. నాలుగడుగులు పోవడం, ఆపడం. చివరికోసారి స్టార్టవుతూనే ఇంజను గట్టిగా కొట్టుకోసాగింది. వెంటనే బండిని అంచున ఉన్న కంకర జాగాలోకి దించి ఆపేసింది.

వెనక కారులో పిల్లుల బుట్టలతో వస్తున్న మేరిబెల్ అనే ఆవిడ అద్దం దించింది. "ఏమైందమ్మా?"

"మా తమ్ముణ్ణి ఎక్కించుకోండి. ఆక్సిజను అయిపోవస్తోంది."

"నిన్నొదిలి నేను పోను," అన్నాడు ఎల్డన్.

"నీ ఊపిరి చూడనా, వీటి పగ్గాలు చూడనా? ఎక్కు."

"నాకంటే గాడిదలే ఎక్కువన్నమాట."

"అవి చెప్పిన మాట వింటాయి."

వాడు కళ్లు తుడుచుకుంటూ ఎక్కాడు. వెర్నా జంతువులను దించి, కొండబాటలో మాదిరే ఒకదాని వెనక ఒకటి కట్టి, ఆగిన బళ్ల పక్కగా నడిపించింది. వంతెన దగ్గర అన్నిటికంటే ముందున్న కంచరగాడిద మొరాయించింది. పొగలో దానికి అవతలి ఒడ్డు కనిపించలేదు. వెర్నా చొక్కా విప్పి దాని కళ్లకు కట్టి, లోపలి బనియనుతోనే, చెవిలో ఏదో గొణుగుతూ దాటించింది. ఏమన్నావని తర్వాత నేనడిగితే, "బూతులే తిట్టాను," అంది.

సాయంత్రానికి జనాన్ని చేర్చిన సంత మైదానం చేరుకుంది. ఎల్డన్ అక్కడ లేడు. ఎవరిని అడిగినా తెలియదన్నారు. అప్పటికే అక్కడికి చేరిన నా చేతిలో పగ్గాలు పెట్టి పిచ్చిదానిలా తిరిగింది. మేరిబెల్ వాణ్ణి తిన్నగా ఆసుపత్రికే తీసుకెళ్లిందని తెలిశాక, గడ్డి మోపు మీద కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవగా చూడడం నాకదే మొదలు.

గాలి మళ్లి ఇల్లు దక్కింది, గడ్డిపాక మాత్రం కాలిపోయింది. ట్రక్కు బూడిద కప్పుకుని అక్కడే ఉంది. మెకానిక్ విప్పి చూస్తే, బేరింగులు లోపలి రాగి పొర కనిపించేదాకా అరిగి ఉన్నాయి. ఇంకాస్త తిరిగి ఉంటే ఇంజను పట్టేసి ఇక తిరగకుండా పోయేదట. బేరింగులూ ఆయిలు పంపూ మార్చి ఇచ్చాడు.

జంతువులు మాత్రం తిరుగు ప్రయాణానికి ఏ ట్రెయిలరూ ఎక్కేది లేదని భీష్మించాయి. వెర్నా వాటిని కాలిన కొండ పక్కగా రోజంతా నడిపించుకుంటూ ఇంటికి తెచ్చింది. కొత్త సిలిండరు ఒళ్లో పెట్టుకున్న ఎల్డన్‌తో నేను వెనకాలే కారు నెమ్మదిగా నడిపాను.