ఆరంగుళాల చెక్క ముక్క

అట్టపెట్టెలను కత్తిరించినప్పుడు లేచే పొడి వాసన, ఉడికించిన మైదా జిగురు వాసన కలిసి మా బడి మూడో అంతస్తు గదిని నింపేది ప్రతి మంగళవారం పదకొండుంబావుకి. కిటికీలోంచి పంజగుట్ట మెట్రో స్తంభాలు కనిపించే ఆ గదిలో, లెక్కల టీచరునైన నాకు ఈ ఏడు మూడో తరగతి పిల్లలకు డిజైన్-టెక్నాలజీ నేర్పే పని కూడా అప్పగించారు. వస్తువు ఎవరికి కావాలో వాళ్లనే అడగడం, బొమ్మ గీయడం, కొలవడం, చేయడం, వాడి చూసి మళ్లీ సరిచేయడం, ఇదే పాఠం. నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఒక టేకు చెక్క ముక్క ఉంటుంది. పొడవు ఆరంగుళాలు అని నా డైరీలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా, యాభై మూడేళ్ల వయసులో, నాకు ఒక తొమ్మిదేళ్ల పిల్ల మీద అసూయ కలుగుతుంది.

ఆ పిల్ల పేరు బాలమణి. అమీర్‌పేటలో మేం చదివిన ప్రాథమిక పాఠశాలకు బోరబండ నుంచి నడిచి వచ్చేది. నాలుగు గదులు, ముందు వరండా, వెనుక సీతాఫలం చెట్టు, అంతే ఆ బడి. జూన్‌లో తొలి వానకు పెంకుల మీద నుంచి జారే మట్టినీళ్ల వాసన, ఆషాఢంలో బోనాల మరునాడు పిల్లలు జేబుల్లో తెచ్చే బెల్లపన్నం ముద్దలు, ఎండాకాలం ఉప్పూ కారం అద్దిన మామిడికాయ చెక్కలు, అరుగు మీద గచ్చకాయలాడుతుంటే గోళ్లలో ఇరుక్కునే సున్నం, ఇవన్నీ నాకు వరుస తప్పకుండా గుర్తున్నాయి, ఎందుకంటే రాసి పెట్టుకునే అలవాటు మా ఇంట్లో ఉండేది. గుంటూరు నుంచి బదిలీపై వచ్చిన మా నాన్నగారు ఏ రోజు ఎన్ని గంటలకు వాన మొదలైందో, ఆఫీసు బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో రాత్రి భోజనానికి ముందు నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఆయనను చూసి నేనూ రాసేదాన్ని. తరగతిలో లెక్క ఏదైనా ముందు నాదే తేలేది, తప్పు అనే మాట నా పలక మీద పడేది కాదు.

నాలుగో తరగతిలో ఉండగా మాకు పని నేర్పే క్రాఫ్టు సార్ ఒక పని చెప్పారు. మంచినీళ్ల రంజన్, అంటే అడుగున కుళాయి బిగించిన పెద్ద మట్టికుండ, వరండాలో ఎత్తైన గట్టు మీద ఉండేది. ఒకటో తరగతి పిల్లలకు కుళాయి అందేది కాదు. వాళ్లకు సరిపోయే చెక్క స్టాండు ఎలా ఉండాలో మేం ఆలోచించి తేవాలి. ఎవరి ఆలోచన బాగుంటే వాళ్లకు పనిముట్ల పెట్టె తాళంచెవి ఏడాది పొడవునా మెడలో వేసుకునే హక్కు. కత్తెరలు, చిన్న రంపం, సుత్తి ఉండే ఆ పెట్టెను మేం గుళ్లో హుండీని చూసినట్టు చూసేవాళ్లం.

నేను నాన్నగారి స్కేలుతో గళ్ల కాగితం మీద మూడు వైపుల బొమ్మలు గీసి, రంగులు వేసి, నాలుగు కాళ్లకూ కొలతలు రాసి తీసుకెళ్లాను. బాలమణి చేతిలో కాగితమే లేదు. వాళ్ల గల్లీలోనే ఉండే చిట్టి అనే ఒకటో తరగతి పిల్లను వరండా గోడ దగ్గర నిలబెట్టి, చేతికి గ్లాసిచ్చి, “గిట్ల పట్టు, మోచెయ్యి లేపకు” అని, గోడ మీద సుద్దతో ఒక గీత గీసింది. “కుండ గీడ కూసోవాలె సార్. ఇంతకన్న మీదికి పోతే నీళ్లు చంకల పడ్తయ్.”

సార్ నా కాగితాన్ని మెచ్చుకుని పక్కన పెట్టి, ఆ గీత వైపు చాలాసేపు చూశారు. “శారదా, నీ బొమ్మ మస్తుంది గాని, తాగేటోళ్లను అడిగినవా? గా గీత కొలిచి నా పుస్తకంల రాయి.”

కొలిచాను. సరిగ్గా ముప్పై అంగుళాలు. 30 అని రాశాను. పుస్తకం తిరిగి ఇవ్వడానికి వరండా చివరిదాకా నడిచిన ఆ పదిహేను అడుగుల్లో పెన్సిలు సున్నా మీద ఆగింది. పైన చిన్న కొమ్ము తగిలిస్తే అది ఆరవుతుంది. తగిలించాను.

బాలమణి వాళ్ల నాయిన వడ్రంగి. సార్ ఇచ్చిన కాగితం ప్రకారం రెండు నెలలకు, ఖాళీ దొరికినప్పుడల్లా చేసి, నున్నగా చిత్రిక పట్టిన స్టాండు తెచ్చి వరండాలో దింపాడు. గోడ మీది గీత అప్పటికే వానజల్లుకు చెరిగిపోయింది. ఒకటో తరగతి పిల్లలు వరుసగా వచ్చి మునివేళ్ల మీద నిలబడి కుళాయి తిప్పితే నీళ్లు మణికట్టు మీదుగా జారి, గౌను చేతుల్లోంచి చంకల్లోకి పోయాయి. అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు.

“చేత్తోని కొలిస్తే గిట్లనే అయితది బాలమణీ. శారద లెక్క ఎన్నడన్న తప్పిందా?”

ఆమె స్టాండు కాలు మీద జాన పెట్టి పెట్టి చూసుకుంది. “ఏమో సార్. నేనే ఎక్కువ గీసిన గావొచ్చు.” ఆ సాయంత్రం తాళంచెవి నా మెడలోకి వచ్చింది. ఇత్తడిది. చెమటకు ఆకుపచ్చ మరక పడేది.

స్టాండును మళ్లీ బోరబండ తీసుకెళ్లి కాళ్లు కోసి తెచ్చారు. అది పదేళ్లపాటు సరిపోయిందని తరువాత విన్నాను. కోసిన నాలుగు ముక్కల్లో ఒకటి బాలమణి నాకు తెచ్చిచ్చింది. “మా నాయిన పొయ్యిల పెడ్తనన్నడు. నీ కాయితాలు ఎగురుతుంటయ్ గదా, మీద పెట్టుకో.” అయిదో తరగతి తరువాత ఆమె నాకు కనిపించలేదు. నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఇప్పుడు ఆ బడి స్థలంలో అయిదంతస్తుల కట్టడం, దాని నిండా కంప్యూటరు కోర్సుల బోర్డులు. రంజన్ లేదు, సీతాఫలం చెట్టు లేదు, నా దగ్గరే ఉండిపోయిన తాళంచెవి ఇల్లు మారినప్పుడు పోయింది. చెక్క ముక్క మిగిలింది.

పోయిన మంగళవారం, చేతికి దొరికిన ప్రతి వస్తువునూ కొలుస్తున్న మనస్వి అనే పిల్ల దాన్నీ కొలిచింది.

“మేడమ్, మీరు ఆరు అన్నరు గదా. ఇది ఐదూ ముప్పావే ఉంది.”

“సరిగ్గా పెట్టి చూడమ్మా.”

“మూడుసార్లు పెట్టిన మేడమ్.”

నేను స్కేలు పెట్టాను. ఐదూ ముప్పావు. రంపం తిన్న పొట్టును కలిపినా ఆరు కాదు. నేను కలిపింది ఆరు కనుక కోసిందీ ఆరే అయి ఉంటుందని రాసుకున్నాను గాని, ఇన్నేళ్లలో ఒక్కసారీ దాన్ని కొలవలేదు. ముప్పై అన్న సంఖ్య నాకు తప్ప ఎవరికీ తెలియదు. అంటే బాలమణి చిట్టిని మళ్లీ నిలబెట్టి, చేతికి గ్లాసిచ్చి, స్టాండు కాలి మీద మళ్లీ గీత గీసింది. ఆ రెండు నెలల్లో చిట్టి పావంగుళం పెరిగి ఉంటుంది. బాలమణి చెయ్యి ఆ పావంగుళాన్నీ వదల్లేదు.

“ఎవరు కోసిండ్రు మేడమ్ దీన్ని?”

“నాకన్నా బాగా కొలిచే అమ్మాయి చెప్తే, వాళ్ల నాన్న కోశాడు. నేను అప్పుడు తప్పు రాశాను, కావాలనే.”

మనస్వి నా ముఖంలోకి చూసి, ముక్కను కాగితాల మీద పెట్టి, తన పక్కన కూర్చునే పిల్ల మోచేతిని కొలవడానికి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి డైరీలో ఆరు కొట్టేసి, ఐదూ ముప్పావు అని రాశాను. అసూయ తగ్గలేదు. ఇంతకాలం అది ఆమెకు దక్కవలసిన తాళంచెవి మీద అనుకున్నాను. కాదు, ఆ పావంగుళం మీద.