రేకుల గదిలో రెండో గొంతు

మా ఇంట్లో దయ్యాల మాటెత్తితే నవ్వేవాళ్లు. నాన్న రైల్వేలో గార్డు. ఏళ్ల తరబడి గూడ్సు బండి చివరి పెట్టెలో ఒంటరిగా అడవులు దాటినా ఎప్పుడూ ఏదీ కనపడలేదనేవాడు. నేను కెమిస్ట్రీ చదివినవాణ్ణి. శ్మశానం పక్కన ఇల్లు దొరికితే గాలి బాగా వస్తుందని సంతోషించే రకం. నేను చెప్పబోయేది కూడా నా కంటితో చూసింది కాదు, చెవితో విన్నది కూడా కాదు. నాకూ, నా స్నేహితుడొకడికీ తప్ప అందరికీ వినపడింది. నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే.

తొంభైల మధ్యలో సంగతి. అక్కా నేనూ తార్నాకలో ఉండేవాళ్లం. అక్క హబ్సిగూడ వైపు ఒక ల్యాబ్‌లో పనిచేసేది. నేను క్యాంపస్‌లో ఎమ్మెస్సీ. పరీక్షలు ఒకసారి బంద్‌తో, ఒకసారి సమ్మెతో వాయిదా పడుతూనే ఉండేవి. చదవబుద్ధయ్యేది కాదు, ఊరికే ఉండబుద్ధయ్యేదీ కాదు.

ఆ రోజుల్లో మాకో బ్యాండ్ ఉండేది. పేరు 'కరెంట్ కోత'. ముగ్గురమే. గిటార్ వాయిస్తూ పాడేది శామ్యూల్. వాళ్లది గుంటూరు వైపు, తండ్రి పాస్టరు. చిన్నప్పట్నుంచీ చర్చిలో పాడిన గొంతు అతనిది, దాన్ని అరిచి అరిచి గరుకు చేసుకున్నాడు. డ్రమ్స్ యాదగిరి. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు, మాట తక్కువ. బేస్ గిటార్ నాది.

మేం వేగంగా, అరుపులతో వాయించేదాన్ని హార్డ్‌కోర్ అంటారని, అందులోనే కాస్త ఏడుపు కలిస్తే ఇమో అంటారని చేతులు మారి వచ్చిన క్యాసెట్ల వల్ల తెలిసింది. కాకపోతే శామ్యూల్ తెలుగులో రాసేవాడు. బంద్ రోజు ఖాళీ రోడ్డు గురించి, ఇంటికి ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలియక పెట్టేయడం గురించి. ఊళ్లో ఇలాంటి బ్యాండ్లు ఇంకో రెండు మూడు ఉండేవి. అంబర్‌పేట్ కుర్రాళ్లు మాకంటే చాలా బాగా వాయించేవాళ్లు. ఒక్క పాటైనా రికార్డు చేయకుండానే ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇవాళ వాళ్ల పేరు చెప్తే ఎవరికీ తెలీదు.

ప్రాక్టీసు చేసుకోవడానికి మాకెవరూ చోటిచ్చేవాళ్లు కారు. చివరికి తార్నాక సందులో సుగుణ టీచర్ గారు తన మేడ మీది రేకుల గది ఇచ్చారు. ఆవిడ రిటైరై, ఒంటరిగా ఉండేవారు. ఇవ్వడానికి కారణం ఒకటే. ఆవిడకు దాదాపు పూర్తిగా చెవుడు. గేటు దగ్గర మేం గొంతు చించుకున్నా పలికేవారు కాదు. ఎదురుగా నిలబడి పెదాలు కదిపితే అర్థం చేసుకునేవారు.

మధ్యాహ్నాలు అక్కడ వాయించేవాళ్లం. కొన్ని వారాలు గడిచాక ఒకరోజు దిగి వస్తుంటే టీచర్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మీ వాయింపుడు నాకేం వినపడదయ్యా. ఆ అమ్మాయి గొంతొక్కటే వినపడతది. ఒకసారి కిందికి తీసుకురండి, చూస్తాను," అన్నారు.

మాతో అమ్మాయెవరూ లేరని సైగలతో చెప్పాం. ఆవిడ నమ్మలేదు. సిగ్గుపడుతున్నామనుకుని నవ్వి లోపలికి వెళ్లిపోయారు.

శామ్యూల్‌కీ నాకూ అది పెద్ద జోకైంది. యాదగిరి మాత్రం నవ్వలేదు. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

తర్వాత ఒక ఆదివారం అక్క నా కోసం వచ్చి, మెట్ల మీద కూర్చుని పాట మొత్తం విన్నది. దారిలో నడుస్తూ, అరుపులు తనకు నచ్చలేదని, వెనకాల పాడిన అమ్మాయి మాత్రం బాగా పాడిందని చెప్పింది. నేను ఆమెకు టీచర్ గారి మాట చెప్పి ఉండలేదు. ఇది ఎన్నోసార్లు గుర్తు చేసుకుని చూశాను. కచ్చితంగా చెప్పలేదు.

ఆ మాటను ఇక జోకనుకోలేకపోయాను. అయినా బుర్ర కారణం వెతికింది. గిటార్ ఆంప్లిఫయర్లు ఒక్కోసారి రేడియోని పట్టుకుంటాయి. వైర్లు మార్చాం, ఒక్కోటీ ఆపి చూశాం. మాకు రేడియో వినపడలేదు, అమ్మాయీ వినపడలేదు. శామ్యూల్ ఇక ఆ మాటెత్తొద్దన్నాడు. డిపార్ట్‌మెంట్ వార్షికోత్సవంలో మాకు వాయించే అవకాశం వచ్చింది. అతని ధ్యాసంతా దాని మీదే ఉంది.

కార్యక్రమం ఆరుబయట, మధ్యాహ్నం పూట. మొదటి పాటకే సగంమంది టీకి లేచారు. రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. గిటార్ మూగబోయింది, బేస్ మూగబోయింది, మైకు ఆగింది. శామ్యూల్ పాడటం ఆపేశాడు. యాదగిరి ఒక్కడే మెల్లగా వాయిస్తూ ఉన్నాడు.

లేచినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కూర్చున్నవాళ్లు కదల్లేదు. అందరూ డ్రమ్స్ పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపే చూస్తున్నారు. నాకు డ్రమ్స్ చప్పుడు, చెట్ల మీద కాకులు తప్ప ఏమీ వినపడలేదు. కాసేపటికి యాదగిరి ఆపాడు. చప్పట్లు మోగాయి. మా జీవితంలో మాకు అలాంటి చప్పట్లు అంతకుముందు లేవు, తర్వాతా లేవు.

ఒక జూనియర్ స్టేజీ దగ్గరికి వచ్చాడు. "మైకు లేకుండ గంత దూరం ఎట్ల ఇనబడ్డదన్నా? ఏది, ఆమె ఏడున్నది?" అనడిగాడు.

శామ్యూల్ మొహం పాలిపోయింది. సామాను సర్దుకుని మళ్లీ రేకుల గదికి చేరాం. అక్కడ అతను యాదగిరిని నిలదీశాడు, కరెంటు పోయాక ఎందుకు వాయించావని.

యాదగిరి తల దించుకునే చెప్పాడు. "ఆమె ఆపలే కదా. నేనెట్ల ఆపుత?"

మొదటిరోజు నుంచీ వింటూనే ఉన్నాడట. మొదట్లో శామ్యూలే రెండు గొంతుల్లో పాడుతున్నాడనుకున్నాడట. "తర్వాత సమజైంది. చెప్తే మీరు భయపడి బ్యాండ్ బంద్ చేస్తరని చెప్పలే. నాకు గిదొక్కటే ఉన్నది," అన్నాడు.

శామ్యూల్ కోపం ఎటు పోయిందో తెలీదు. గిటార్ తగిలించుకుని, వాయిద్దాం అన్నాడు. వాయించాం. పాట సగంలో ఉండగా చెయ్యెత్తి ఆపి, ఇప్పుడు ఆమె ఏం పాడిందో ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు.

యాదగిరి కళ్లు మూసుకుని అప్పజెప్పాడు. "నన్ను పిలవకు, నేనెప్పుడో వచ్చేశాను."

శామ్యూల్ భుజం మీంచి గిటార్ దించేశాడు. ఆ వాక్యం అతనిదే. ఆ పొద్దున బస్సులో వస్తుంటే తట్టిందట. కాగితం మీద పెట్టలేదు, ఎవరితోనూ అనలేదు. ఆ పాటలోది కూడా కాదు, ఇంకా రాయని పాటలోది.

గిటార్ గోడకి ఆనించి మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గదికి రాలేదు. నేనూ యాదగిరీ రెండుసార్లు అతనుండే హాస్టల్‌కి వెళ్లి బతిమాలాం. తన బుర్రకు ఎవరో చెవి ఆనించి వింటున్నట్టుందని, ఇక ఏ ఆలోచనా తనది కాదనిపిస్తోందని అన్నాడు. ఆ సెలవుల్లోనే ఊరికి వెళ్లిపోయాడు.

టీచర్ గారిని మేం అడిగాం. ఆ గది ఆవిడే కట్టించారు. అందులో మాకంటే ముందు విరిగిన కుర్చీలు తప్ప ఎవరూ లేరు. ఆ ఇంట్లో పాడే అమ్మాయీ ఎప్పుడూ లేదు.

కొన్నేళ్ల తర్వాత శామ్యూల్ చెల్లెలి పెళ్లికి వెళ్లాను. చర్చిలో అందరూ లేచి పాడుతుంటే అతను మొదటి వరసలో పెదవి కదపకుండా నిలబడ్డాడు. యాదగిరి ఇప్పుడు నల్గొండ జిల్లాలో స్కూల్ టీచర్. డ్రమ్స్ ముట్టుకోవడం లేదు. ఆమె లేకుండా తాళం నిలవదంటాడు.

ఈ మధ్య అక్క వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఏదో కూనిరాగం తీస్తుంటే విన్నాను. ఎక్కడిదని అడిగాను.

"మీ పాటే కదరా. ఆ అమ్మాయి పాడింది," అంది.

మా పాటల్లో ఆ వరస లేదు. ఆ సాయంత్రం తలుపు వేసుకుని, అక్క తీసిన రాగాన్ని తలుచుకుంటూ మా పాత పాట బేస్ వాయించి చూశాను. ఎక్కడా తేడా రాకుండా దాని మీద అతికింది. మధ్యలో రెండు చోట్ల నేను అప్పట్లో ఎందుకు ఆగేవాణ్ణో నాకే తెలియని ఖాళీలున్నాయి. ఆ రెండు చోట్లా ఆ రాగం నిండుగా ఉంది.

అవి ఎవరి కోసం వదిలానో ఇప్పటికీ చెప్పలేను.